తోడు

గోడలో చిన్న కిటికీ.
అవతల ఫెర్గస్ చేతిలో సూది, ఇవతల నా మైక్రోస్కోపు.
మధ్యలో ఇష్బెల్ చెయ్యి
వెచ్చటి గొట్టం అందిస్తూ
"ఎడమవైపు, మూడోది" అంటుంది.

డండీలో డిసెంబరు. ఎనిమిదిన్నరైనా తెల్లారలేదు.
టే నది ఎక్కడుందో
వంతెన దీపాల్ని బట్టి ఊహించుకోవాలి.
ఈ గదిలోనూ అంతే.
వెలుతురు తగ్గించి, ముప్పై ఏడు డిగ్రీల పలక మీద
గడ్డిరంగు నీటిని గిన్నెలోకి వంచి
మబ్బుతునకలాంటి దాని కోసం వెతుకుతాను.
మబ్బు కనపడితే లోపల అండం ఉన్నట్టే.
"ఉంది" అని గట్టిగా చెప్పాలి.
మత్తులో ఉన్నావిడకి వినపడదు, అయినా.

అండాన్ని లెక్క రాస్తాం.
అది ఇన్నాళ్ళూ ఈదిన నీరు పసుపు డబ్బాలో పోతుంది.
ఈ ఏడాది మాత్రం నీటికీ ఒక చిట్టా పెట్టాం.
రెండు రకాల సూదులు:
ఒంటిదారిది ఉన్నది పీల్చుకుని వచ్చేస్తుంది.
జంటదారిది పీల్చి, మందునీళ్ళు పోసి,
తిత్తి గోడలు కడిగి, మళ్ళీ పీలుస్తుంది.
ఎవరికి ఏదో ఆ పూట కవరు చించితే గాని తెలియదు.

మొదట వచ్చేది చిక్కన,
తేనె కలిపిన నీళ్ళ రంగు.
కడిగాక వచ్చేది వెలిసిన చీర.
హార్మోను ఇంత అని యంత్రం అంకె చూపిస్తుంది.
అందులో ఆమెది ఎంత, మేం పోసింది ఎంత?
సూది గొంతులో ఎప్పుడూ ఒక గుక్క మిగిలిపోతుంది,
విదిలించకపోతే
రెండో తిత్తి కబురు మూడోదాని పేరు మీద వస్తుంది.
పంపు జోరు పెంచామా, నెత్తుటి చార.
"చేద మెల్లగా దింపే, బురద లేస్తాది" అని
మా సూరీడమ్మ పెద్దమ్మ అరిచేది.
ఆవిడకి ఈ పరిశోధన రెండు నిమిషాల పని.

సంతకం పెట్టే ముందు ఒకావిడ అడిగింది,
ఇరవై రెండో నంబరు బస్సు నడుపుతుందట, ముప్పై తొమ్మిదేళ్ళు.
"ఆ నీళ్ళలో నా గురించి ఏముంటుంది?"
ఏవో ప్రోటీన్ల పేర్లు చెప్పాను.
తోడే పద్ధతిని బట్టి అవి మారతాయేమో చూస్తున్నాం అన్నాను.
ఆవిడ పెన్ను మూత పెట్టి, తీసి,
"అయిదేళ్ళుగా అందరూ అడుగుతూనే ఉన్నారు.
ఒక్కసారి అడిగి ఊరుకున్నవాళ్ళకి నిజం చెప్పాను.
తవ్వి తవ్వి అడిగినవాళ్ళకి
వాళ్ళు పోసిందే తిరిగిచ్చాను" అంది.
సంతకం చేసింది.
నేను తేదీ తప్పు రాసి కొట్టేశాను.

నావి తోడినప్పుడు ఏ సూదో నేను అడగలేదు.
గ్లాస్గోలో, నేనెరిగిన వాళ్ళెవరూ లేని చోట.
ఆరు వచ్చాయి. రెండు కలిశాయి. ఒక్కటీ నిలవలేదు.
నీరు ఏ రంగులో ఉందో
కిటికీకి ఇవతల కూర్చున్న మనిషికి తెలుసు.
అడిగితే చెప్పేదేమో.

ఇక్కడి కాగితాల్లో దీన్ని సేకరణ అంటారు.
నాకు మాత్రం నోట్లో తోడటమే మెదులుతుంది.
నూతిలోంచి తోడు,
చీకట్లో పెరటిదాకా తోడు,
గోరువెచ్చని పాలలో తోడు.
మూడూ ఒకే మాట ఎందుకయ్యాయో
ఇష్బెల్‌కి చెప్పబోయి మానేశాను.
అప్పటికే నాలుగో గొట్టం చేతికొచ్చింది.

బస్సావిడవి తొమ్మిది తిత్తులు, నాలుగు అండాలు.
కవరులో ఒంటిదారి వచ్చింది.
ఒక చిన్న గొట్టం నీరు దాచి
నంబరు రాసి మంచులో పెట్టాను.
మిగతాది పారబోసేటప్పుడు
ఎప్పుడూ లేనిది, గిన్నె కాసేపు పట్టుకున్నాను.

రాత్రి ఇంట్లో పాలు తోడుపెట్టి
బాయిలరు అలమరలో దాచాను.
పొద్దున చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి.
బయట వంతెన దీపాలు వెలుగుతున్నాయి ఇంకా.
ఇంక్యుబేటరు తలుపు తీయడానికి
పావుగంట ఉంది.
చేతులు రెండోసారి కడుక్కుంటున్నాను.